ప్రజాస్వామ్యం ఏమైపోతుందో అని బెంగపడేవాళ్లు తమ బూత్ జాబితా చూశారా?

స్వర్ణముఖి_గట్టు:
2021లో ఎన్నికైన పంచాయతీ, మున్సిపల్ పాలకవర్గాలకు 2026తో ఐదేళ్లు నిండుతాయి. స్థానిక ఎన్నికల మాట ఎత్తారో లేదో, తిరుపతి వాట్సాప్ గ్రూపుల్లో పాత భాష మళ్లీ మొదలైంది. "వాళ్లు గెలిస్తే మనల్ని ఊళ్లో ఉండనివ్వరు", "ఈసారి లెక్కలు తేల్చేస్తాం" అని రాతలు. పైన దేవుడి బొమ్మ, కింద కులం పేరు. ఇది ఒక్క పార్టీ వాళ్ల పని కాదు, అన్ని వైపులా ఇదే వరస.

2003 అక్టోబర్ 1న అలిపిరిలో క్లేమోర్ మైన్లు పేలినప్పుడు తీవ్రవాదం అంటే అడవిలోంచి వచ్చేది అనుకున్నాం. ఇప్పుడు పెద్దమనుషులనుకున్న వాళ్లే పొద్దున కాఫీ తాగుతూ విషం పంపుతున్నారు. 2024 మే 13న పోలింగ్ అయితే, మర్నాడే పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో, స్ట్రాంగ్‌రూమ్ ఉన్న ప్రాంగణంలోనే, చంద్రగిరి అభ్యర్థి మీద దాడి జరిగింది. ఎన్నికల సంఘం రాష్ట్ర ప్రధాన కార్యదర్శిని, డీజీపీని ఢిల్లీకి పిలిపించింది. తిరుపతి ఎస్పీని బదిలీ చేసింది. లెక్కింపు అయ్యాక కూడా 15 రోజులు 25 కంపెనీల కేంద్ర బలగాలను రాష్ట్రంలోనే ఉంచమంది. ఓటేశాక కూడా కాపలా కావాల్సి వచ్చిందంటే రోగం ఎక్కడుంది? ఎన్నికల ముందు మామూలు మనిషి చేయగలిగింది ఏమైనా ఉందా, లేక చూస్తూ కూర్చోవడమేనా? విషయం తెలిసినవాళ్లు చెప్పండి. పార్టీల గొడవ ఇక్కడ వద్దు.

కొర్లగుంట_కుర్రోడు:
అన్నా, ప్రజాస్వామ్యం పోతా ఉండాదని టీవీ ముందర బుగులు పడేవాళ్లు వీధికి పదిమంది ఉండారు. అదే వీధి ఓటర్ల జాబితా తెరిచి చూసినోడు మాత్రం ఒక్కడూ లేడు. మన ఊర్లో జరిగిందే చూడండి. 2021 ఏప్రిల్ 17న తిరుపతి పార్లమెంటు ఉప ఎన్నిక. బయటూరి బస్సులొచ్చినాయని ఒకరు, వాళ్లంతా కొండకు పోయే యాత్రికులేనని ఇంకొకరు, రోజంతా రచ్చ. అసలు కథ బస్సుల్లో లేదు. ఓటర్ల నమోదు అధికారి లాగిన్ వాడి 30 వేలకు పైగా ఓటరు కార్డులు డౌన్‌లోడ్ చేసినారని తర్వాత బయటపడింది. అప్పుడు ఆ పదవిలో ఉన్న ఐఏఎస్ అధికారిని ఎన్నికల సంఘం 2024 జనవరిలో సస్పెండ్ చేయించింది. అంటే మూడేళ్లకు దగ్గరదగ్గరగా. ఉప ఎన్నికలో గెలిచినాయన పదవీకాలం కూడా అప్పటికి అయిపోవచ్చింది.

కత్తులు, కర్రలు అందరికీ కనపడతాయి. లాగిన్ కనపడదు. అదీ సంగతి.

మాజీపీవో_చిత్తూరు:
కొర్లగుంట బాబు చెప్పింది సరిగ్గా ఉంది. జాబితా దగ్గర నుంచే మొదలుపెడదాం. స్థానిక ఎన్నికలకు వేరే ఓటర్ల జాబితా ఏమీ తయారు కాదు. అసెంబ్లీ జాబితానే తీసుకుని వార్డులుగా విడగొడతారు. పేరు చేర్చాలన్నా, తీయించాలన్నా, మార్చాలన్నా అసెంబ్లీ నియోజకవర్గం ఓటర్ల నమోదు అధికారికి, అంటే ఈఆర్వోకు, ఫారం పెట్టాల్సిందే. కొత్త పేరుకు ఫారం 6. పేరు మీద అభ్యంతరానికి, తొలగింపుకు ఫారం 7. ఇల్లు మారినా, తప్పు సరిదిద్దాలన్నా ఫారం 8. 18 ఏళ్లు నిండే తేదీ ఇదివరకు జనవరి 1 ఒక్కటే. ఇప్పుడు జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబర్ నెలల ఒకటో తేదీలు నాలుగూ లెక్కే.

జాబితా చూడడం ఇలా. ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో పోలింగ్ కేంద్రం వారీగా పీడీఎఫ్ దొరుకుతుంది. అది బొమ్మ రూపంలో ఉంటుంది కాబట్టి పేరు కొట్టి వెతికితే రాదు. ఓపిగ్గా చదవాల్సిందే. పేజీకి 30 పేర్లు, వెయ్యి ఓట్ల బూత్ అయితే 35 పేజీల లోపు. ఇద్దరు కూర్చుంటే ఒక పూట పని. పేరు కన్నా ముందు ఇంటి నంబరు గడి చూడండి. సున్నాలు, గీతలు, ఖాళీలు ఉన్నవి ఒక కాగితం మీద రాసుకోండి. ఒకే ఇంటి నంబరు కింద పాతిక, ముప్ఫై పేర్లుంటే అది హాస్టలా, లాడ్జి సిబ్బంది క్వార్టర్సా, ఉత్త ఖాళీ స్థలమా అన్నది వీధిలో వాళ్లకు తెలిసినంతగా ఆఫీసులో ఎవరికీ తెలియదు. చివర్లో అనుబంధ జాబితా ఉంటుంది. తీసేసిన పేర్ల పక్కన ఒక అక్షరం వేస్తారు. ఇ అంటే చనిపోయారు, ఎస్ అంటే వెళ్లిపోయారు, ఆర్ అంటే రెండోసారి నమోదు, ఎం అంటే ఆచూకీ లేదు, క్యూ అంటే అనర్హులు. బతికున్న మనిషి పక్కన ఇ కనిపించిందా, ఆ రోజే ఫారం 6 పెట్టించాలి. నోటిఫికేషన్ వచ్చాక ఏడ్చి లాభం లేదు.

సత్యవేడు_సరిహద్దు:
మా వైపు ఇంకో తంటా ఉంది. సత్యవేడు, నగరి, కుప్పం మూడూ తమిళనాడు గట్టునే ఉన్నాయి. కాపురం ఇక్కడ, పని అక్కడ. రెండు చోట్లా ఓటున్న వాళ్లు తక్కువేం కాదు. చాలామంది దొంగతనంగా చేయలేదు, అక్కడ చేర్పించుకున్నప్పుడు ఇక్కడిది తీయించలేదు అంతే. కానీ చట్టం దృష్టిలో రెండు చోట్ల నమోదు కుదరదు, 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం సెక్షన్ 17, 18 చూడండి. ఫారంలో అబద్ధం రాసి సంతకం పెడితే సెక్షన్ 31 కింద ఏడాది దాకా జైలు. తమిళనాడులో 2025 చివర్లో ఓటర్ల జాబితా ప్రత్యేక సమగ్ర సవరణ మొదలైంది. అక్కడా ఇక్కడా ఉన్నవాళ్లు ఏదో ఒకటి తేల్చుకుని రెండోది ఫారం 7తో తీయించుకోవడం మంచిది. లేకపోతే "సరిహద్దు దొంగ ఓట్లు" అని ఎవడో ఒకడు మైకు పట్టుకుని మొత్తం ఊరినే దోషిని చేస్తాడు. తీవ్రమైన మాటలకు ఇలాంటి సగం నిజాలే కదా పెట్టుబడి.

కొర్లగుంట_కుర్రోడు:
@మాజీపీవో సార్, ఫారం 7 సంగతి చెప్పండి. 2019 ఎన్నికల ముందర రాష్ట్రమంతా ఆన్‌లైన్లో కుప్పలు కుప్పలు పెట్టినారు గదా. పెట్టినట్టు పేరున్న మనిషికే తెలీకుండా పెట్టిన కేసులు కూడా వచ్చినాయి. మళ్లీ అట్లనే చేస్తే?

మాజీపీవో_చిత్తూరు:
చేయాలనుకునేవాళ్లు చేస్తారు, కాకపోతే పట్టుకోవడానికి దారి ఉంది. ఫారం 7 పెట్టేవాడు అదే నియోజకవర్గం ఓటరై ఉండాలి. పార్టీల బూత్ స్థాయి ఏజెంటు బూత్ స్థాయి అధికారికి, అంటే బీఎల్వోకు, రోజుకు 10 దరఖాస్తులకు మించి ఇవ్వకూడదు. మొత్తం మీద 30 దాటితే ఈఆర్వో గానీ సహాయకుడు గానీ స్వయంగా పరిశీలించాలి. వచ్చిన అభ్యంతరాలన్నీ ఫారం 10 అనే జాబితాలో పెట్టి ప్రదర్శించాలి. గుర్తింపు పొందిన పార్టీలకు ఆ జాబితా ఇవ్వాలి కూడా. ఫారం 9 కొత్త దరఖాస్తులది, ఫారం 11 సవరణలది.

అసలు తాళంచెవి ఈ ఫారం 10. వారానికోసారి దాన్ని చూసేవాళ్లు వీధికి ఒకరుంటే చాలు. ఒకే మనిషి పేరుతో ఇరవై అభ్యంతరాలు, అన్నిటికీ ఒకే కారణం, అన్నీ ఒకే కులం ఉన్న సందు నుంచి వచ్చాయనుకోండి, అది కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. నోటీసిచ్చి వినకుండా పేరు తీయకూడదన్నది నియమం. ఇక్కడ దెబ్బ ఎక్కడ తగులుతుందంటే, నోటీసు పాత చిరునామాకు పోతుంది. బైరాగిపట్టెడలో అద్దెకున్నవాడు జీవకోనకు మారి ఫారం 8 పెట్టకపోతే, నోటీసు తలుపుకు అంటించి "స్పందన లేదు" అని రాసేస్తారు. అందులో అధికారిని తప్పు పట్టడానికి ఏమీ ఉండదు. తిరుపతిలో విద్యార్థులు, లాడ్జి పనివాళ్లు, కొండ మీద కాంట్రాక్టు సిబ్బంది ఎక్కువ కాబట్టి ఈ రకం తొలగింపులు ఇక్కడ ఎక్కువ పడే వీలుంది. విద్యార్థులు ఒక విషయం గుర్తుంచుకోవాలి, సొంతూళ్లో గానీ హాస్టల్ చిరునామాలో గానీ ఏదో ఒక చోటే పెట్టుకోవచ్చు. హాస్టల్ అయితే విద్యాసంస్థ ఇచ్చే ధ్రువపత్రం జత చేయాలి.

తీసేశాక కూడా దారి మూసుకుపోదు. ఈఆర్వో ఉత్తర్వు మీద 15 రోజుల్లో కలెక్టరుకు అప్పీలు, అక్కడా కాకపోతే 30 రోజుల్లో రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారికి రెండో అప్పీలు. ఉత్తర్వు కాపీ రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. అది లేకుండా అప్పీలు నిలవదు.

పలమనేరు_పొలంగట్టు:
మీరంతా దొంగ ఓట్ల గురించే మాట్లాడుతున్నారు. అసలు ఓటే పడని ఎన్నికల గురించి ఎవరూ ఎత్తరేం? ఏకగ్రీవాలు. 2021 పంచాయతీ ఎన్నికలప్పుడు ప్రభుత్వం ప్రోత్సాహకం ప్రకటించింది. 2 వేల లోపు జనాభా ఉన్న పంచాయతీకి 5 లక్షలు, 5 వేల లోపైతే 10, పది వేల లోపైతే 15, ఆ పైన 20 లక్షలు. మొదటి విడతలో చిత్తూరు, గుంటూరు జిల్లాల్లో ఏకగ్రీవాలు మరీ ఎక్కువగా వచ్చాయని అప్పటి రాష్ట్ర ఎన్నికల కమిషనర్ ఫలితాల ప్రకటన ఆపమన్నారు, కలెక్టర్ల దగ్గర నివేదికలు అడిగారు. ఊరు నిజంగా ఒక్క మాట మీద ఉంటే ఏకగ్రీవం అంత మంచిది లేదు. నామినేషన్ వేయబోయినవాడి చేతిలో కాగితాలు చింపేసి వచ్చిన ఏకగ్రీవం మాత్రం నోరు నొక్కడమే. నోటాకు నొక్కుదామన్నా మీట లేదు, పెట్టే లేదు.

స్వర్ణముఖి_గట్టు:
@పలమనేరు అన్నా, నామినేషన్ అడ్డుకుంటే చేయాల్సింది ఏమిటి? ఫోన్లో తీసి పెడితే సరిపోతుందా?

పలమనేరు_పొలంగట్టు:
ఫోన్లో తీసి స్టేటస్ పెడితే అవతలివాళ్లకే ప్రచారం. భయం ఇంకా పాకుతుంది. పని ముందే చేయాలి. ప్రతిపాదించే మనిషి ఒక్కడే ఉంటే వాడినొక్కడిని ఎత్తుకెళితే నామినేషన్ చచ్చిపోతుంది. అందుకే అర్హత ఉన్న ప్రతిపాదకులను ఇద్దరు ముగ్గురిని చూసుకుని, వేరువేరు ప్రతిపాదకులతో రెండు మూడు సెట్లు సిద్ధం చేసుకోవాలి. ఇంటి పన్ను, నీటి పన్ను బకాయి లేదన్న కాగితాలు, కుల ధ్రువపత్రం, స్వీయ ప్రకటన ముందురోజే సర్దుకోవాలి. చివరి రోజు చివరి గంటకు పోవద్దు. అడ్డుకునేవాళ్లు కాచుకునేది ఆ గంట కోసమే. మొదటి రోజే, జనం లేనప్పుడే వేసేయాలి. ఉపసంహరణ కాగితం అభ్యర్థి సంతకంతో ఇంకెవరో తెచ్చి ఇవ్వడం ఇంకో మోసం. అందుకని "నేను స్వయంగా వస్తే తప్ప ఉపసంహరణ తీసుకోవద్దు" అని రిటర్నింగ్ అధికారికి ముందే రాసిచ్చి, రెండో ప్రతి మీద అందినట్టు ముద్ర వేయించుకోవాలి. చిన్న కాగితమే, చాలా అడ్డుకుంటుంది.

లాపాయింట్_పుత్తూరు:
పై దానికి కొంచెం చట్టం కలుపుతాను. పోటీ చేసేవాడిని, ఓటేసేవాడిని బెదిరించడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 171లో "అనుచిత ప్రభావం". శిక్ష సెక్షన్ 174లో, ఏడాది దాకా. సర్పంచి పదవిని వేలం పాడి గుడికో రోడ్డుకో డబ్బు ఇప్పించడం సెక్షన్ 170 లంచం కిందికి వస్తుంది, దేవుడి పేరు చెప్పినంత మాత్రాన లంచం కానుక అయిపోదు.

ఇక ద్వేష ప్రసంగాల మాట. చాలామంది "ఎన్నికల కోడ్ ఉంది కదా" అంటారు. ప్రవర్తనా నియమావళి చట్టం కాదు. దాన్ని మీరితే కమిషన్ చేతిలో ఉన్నది రాజ్యాంగం 324వ అధికరణం ఇచ్చిన అధికారం. 2019 ఏప్రిల్‌లో కొందరు పెద్ద నాయకులను 48 గంటలు, 72 గంటలు ప్రచారానికి దూరం పెట్టింది దాని కిందే. అసలు పళ్లు 1951 ప్రజాప్రాతినిధ్య చట్టంలో ఉన్నాయి. మతం, కులం, భాష పేరు చెప్పి ఓటడిగితే సెక్షన్ 123(3). వర్గాల మధ్య ద్వేషం రెచ్చగొడితే 123(3ఏ), సెక్షన్ 125. 2017 జనవరి 2న సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీల ధర్మాసనం, నలుగురు ఒకవైపు ముగ్గురు మరోవైపుగా, 123(3)లో "అతని మతం" అంటే అభ్యర్థిదే కాదు, ఓటరుదీ అని తేల్చింది. గుళ్లు, మసీదులు, చర్చిలను రాజకీయానికి వాడితే 1988 నాటి మత సంస్థల దుర్వినియోగ నిరోధక చట్టం ఉంది, ఐదేళ్ల దాకా శిక్ష. తిరుపతిలో పుట్టి పెరిగిన నాయకులకు కూడా ఈ చట్టం ఉన్నట్టు తెలిసినట్టు లేదు. 2024 నవంబర్‌లో టీటీడీ బోర్డు కొండ మీద రాజకీయ ప్రసంగాలు వద్దని తీర్మానం చేయాల్సి వచ్చింది మరి. లడ్డూ నెయ్యి కేసులోనూ దేవుణ్ని రాజకీయాల్లోకి లాగొద్దని సుప్రీంకోర్టు మందలించి, 2024 అక్టోబర్ 4న కొత్త సిట్ వేసింది.

ఇప్పుడు అసలు చిక్కు వినండి. ద్వేషం రెచ్చగొట్టడం సంహితలో సెక్షన్ 196, మూడేళ్ల దాకా శిక్ష. మూడేళ్లు మొదలు ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో ఎఫ్ఐఆర్‌కు ముందు 14 రోజులు ప్రాథమిక విచారణ చేసుకోవచ్చని కొత్త నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 173(3) చెబుతోంది. మాటల మీద వచ్చే కేసుల్లో ఈ విచారణ చేయడమే మంచిదని సుప్రీంకోర్టు 2025 మార్చి 28న చెప్పింది. మాట్లాడే స్వేచ్ఛకు అది మంచి తీర్పు, నాకు అనుమానం లేదు. కానీ అసెంబ్లీ ఎన్నికల్లో ఉపసంహరణ గడువు నుంచి పోలింగ్‌కు చట్టం కోరే కనీస వ్యవధి కూడా 14 రోజులే. పంచాయతీల్లో ఇంకా తక్కువ. విచారణ ముగిసేసరికి ఓట్లు పడిపోయి ఉంటాయి. అందుకే ఎన్నికల వేళ పోలీసు ఫిర్యాదు ఒక్కటే నమ్ముకోకుండా రిటర్నింగ్ అధికారికీ, జిల్లా ఎన్నికల అధికారికీ అదే రోజు రాతపూర్వకంగా ఇవ్వాలి.

కొర్లగుంట_కుర్రోడు:
అక్కా, ఫిర్యాదు ఇస్తే "ఆధారం యాడుంది" అంటారు. స్క్రీన్‌షాట్ చూపిస్తే నవ్వుతారు.

లాపాయింట్_పుత్తూరు:
నవ్వడానికి కారణం ఉంది తమ్ముడూ. స్క్రీన్‌షాట్ ఎవరైనా పది నిమిషాల్లో తయారుచేస్తారు. కావాల్సింది పోస్టు అసలు లింకు, చూసిన తేదీ, సమయం, పెట్టిన ఖాతా పేరు. వాట్సాప్ అయితే పంపినవారి నంబరు, గ్రూపు పేరు కనిపించేలా ఇంకో ఫోన్‌తో స్క్రీన్ వీడియో తీయండి. ఫైలును గ్రూపుల్లో తిప్పకండి, తిప్పిన ప్రతిసారీ కుదించుకుపోయి లోపలి వివరాలు పోతాయి. ఎవరికైనా పంపాల్సి వస్తే ఫొటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపండి. కోర్టు దాకా పోతే భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 ధ్రువపత్రం కావాలి, అందులో ఫైలు మారలేదని చూపే హ్యాష్ విలువ రాయాలి. కాబట్టి మొదటి ఫైలు దాచిన ఫోనును ఫార్మాట్ చేయకండి. "ఎంత ఘోరంగా రాశారో చూడండి" అని నలుగురికి పంపేవాళ్లే దాన్ని నలభైమందికి చేరుస్తున్నారు, ఇది మాత్రం మానండి.

నకిలీ వీడియోలు, గొంతు మార్చిన ఆడియోల విషయంలో, దృష్టికి వచ్చిన 3 గంటల్లో తీసేయాలని ఎన్నికల సంఘం 2024 మే 6న పార్టీలకు చెప్పింది. పార్టీ ఖాతాలో ఉంటేనే ఇది పనిచేస్తుంది. పేరు లేని ఖాతా అయితే ప్లాట్‌ఫామ్‌కు నివేదించి, జిల్లా మీడియా పర్యవేక్షణ కమిటీకి లింకు ఇవ్వాలి.

ఇంకో పాత సెక్షన్ ఉంది, చాలా పనికొస్తుంది, ఎవరూ వాడరు. అదే 1951 చట్టంలోని 127ఏ. ప్రతి ఎన్నికల కరపత్రం, పోస్టరు మీద ముద్రించినవారి పేరు, చిరునామా, ప్రచురించినవారి పేరు, చిరునామా ఉండాలి. ఇద్దరు సాక్షుల సంతకాలతో ప్రచురణకర్త ఇచ్చిన ప్రకటన ప్రెస్సు తీసుకుని కలెక్టరుకు పంపాలి. మీరితే ఆరు నెలల జైలు. రాత్రికి రాత్రి గోడలకు అంటించే కులం కరపత్రాల అడుగున చూడండి, ప్రెస్సు పేరు ఉండదు. అదొక్కటే చాలు ఫిర్యాదుకు. రాసిన మాట నిజమా అబద్ధమా అని వాదించే అవసరమే రాదు.

సత్యవేడు_సరిహద్దు:
కోడ్ ఉల్లంఘనల మీద ఫిర్యాదు చేసే సీవిజిల్ యాప్ గురించి ఎవరూ చెప్పలేదు. ఫొటో గానీ 2 నిమిషాల లోపు వీడియో గానీ యాప్‌లోంచే తీయాలి, గ్యాలరీలోది ఎక్కదు. తీసిన చోటు అదే పట్టుకుంటుంది. తీశాక 5 నిమిషాల్లో పంపేయాలి. 100 నిమిషాల్లో తేలాలన్నది లెక్క. 5 నిమిషాల్లో బృందానికి అప్పగింత, 15 నిమిషాల్లో చేరుకోవడం, 30 నిమిషాల్లో విచారణ, మిగతా 50 నిమిషాల్లో రిటర్నింగ్ అధికారి నిర్ణయం. పేరు చెప్పకుండా కూడా పంపొచ్చు, కాకపోతే ఆ తర్వాత ఏమైందో మీకు తెలియదు.

మాజీపీవో_చిత్తూరు:
అది అసెంబ్లీ, పార్లమెంటు ఎన్నికలకు. భారత ఎన్నికల సంఘం యాప్ అది. పంచాయతీ, మున్సిపల్ ఎన్నికలు 243కె, 243జెడ్ఏ అధికరణాల కింద రాష్ట్ర ఎన్నికల సంఘానివి. రెండింటినీ కలిపేసుకుని ఫిర్యాదు తప్పు చోటికి పంపితే మీకు దక్కేది "మా పరిధిలో లేదు" అనే జవాబు. 2021లో ఇక్కడ పంచాయతీ, మున్సిపల్ ఎన్నికలు రెండూ బ్యాలెట్ కాగితంతోనే జరిగాయి. కాబట్టి ఈవీఎం వాదనలు అక్కడ అనవసరం.

స్వర్ణముఖి_గట్టు:
అయినా సార్, అసెంబ్లీ ఎన్నికలకు పనికొస్తుంది, బూత్ లోపల సంగతి కూడా ఒకసారి రాయండి. ఏజెంటుగా కూర్చోమంటే భయపడేవాళ్లు చాలామంది ఉన్నారు.

మాజీపీవో_చిత్తూరు:
పోలింగ్ మొదలయ్యే సమయానికి 90 నిమిషాల ముందు మాక్ పోల్, అంటే ఉత్తుత్తి ఓట్లు వేసి యంత్రాన్ని పరీక్షించడం. 7 గంటలకు పోలింగ్ అయితే 5.30కి ఏజెంటు లోపల ఉండాలి. ఏజెంట్లు రాకపోతే 15 నిమిషాలు చూసి మొదలుపెట్టేస్తారు. ఆరున్నరకు టిఫిన్ చేసి వచ్చే ఏజెంటు ఆ రోజు ముఖ్యమైన పనంతా పోగొట్టుకున్నట్టే. కనీసం 50 ఓట్లు వేయాలి, నోటాతో సహా ప్రతి మీటా నొక్కాలి. ఈవీఎం కంట్రోల్ యూనిట్ చూపిన ఫలితం, ఓటు ఎవరికి పడిందో చూపే వీవీప్యాట్ చీటీలు సరిపోవాలి. తర్వాత క్లియర్ మీట నొక్కి సున్నా చూపించాలి. ఆ సున్నా కళ్లతో చూడకుండా సంతకం పెట్టొద్దు. మాక్ చీటీలు డబ్బాలోంచి తీసి, వెనక ముద్ర వేసి, నల్ల కవరులో సీలు చేస్తారు. ఒక్కోసారి హడావుడిలో క్లియర్ చేయడం మరిచిపోతారు. అప్పుడు లెక్కింపు రోజు, బూత్‌లో పోలైన ఓట్ల లెక్క రాసే ఫారం 17సీలో ఉన్న సంఖ్యకు, యంత్రం చూపే సంఖ్యకు తేడా వస్తుంది, ఆ యంత్రాన్ని పక్కన పెడతారు. గెలుపు తేడా ఆ బూత్ ఓట్ల కన్నా తక్కువైతే వీవీప్యాట్ చీటీలు లెక్కపెట్టాల్సి వస్తుంది. సోషల్ మీడియాలో "యంత్రం మాయ" అని తిరిగే కథల్లో ఇలా క్లియర్ మరిచినవి కూడా ఉంటాయి.

కంట్రోల్ యూనిట్, బ్యాలెట్ యూనిట్, వీవీప్యాట్ నంబర్లు, ఆకుపచ్చ కాగితం సీలు నంబరు రాసుకోవాలి. సీలు మీద సంతకం పెట్టే హక్కు ఏజెంటుకు ఉంది.

ఇక వచ్చినవాడు ఓటరా కాదా అన్నది. పోలింగ్ అధికారి దగ్గర గైర్హాజరు, వలస, మృతుల జాబితా ఒకటి ఉంటుంది. అందులో పేరున్నవాడు ఓటుకు వస్తే గుర్తింపు గట్టిగా చూడాలి, వేలిముద్ర తీసుకోవాలి. ఏజెంటు దగ్గర కూడా ఆ జాబితా ఉండాలి. లేకపోతే యాత్రికుడో, బయటివాడో, నిజం ఓటరో బస్సు చూసి చెప్పలేం. అనుమానం వస్తే 2 రూపాయలు కట్టి సవాలు చేయొచ్చు, ప్రిసైడింగ్ అధికారి అక్కడికక్కడే విచారించాలి. నిరూపణ అయితే పోలీసులకు అప్పగిస్తారు. ఊరికే అల్లరికి సవాలు చేస్తే ఆ 2 రూపాయలూ పోతాయి. సిరా పెట్టేముందు ఎడమ చూపుడు వేలు తప్పనిసరిగా చూడాలి. నూనె, కొవ్వు రాసుకుని వస్తారు, గుడ్డతో తుడిచి పెట్టాలి. గోరు చివర నుంచి మొదటి కణుపు దాకా గీత, ఆరేదాకా పంపకూడదు. క్యూ పెరిగేసరికి ఈ తుడిచే పనే మొదట ఎగిరిపోతుంది. ఏజెంటు అడగాల్సింది అక్కడ.

మీ ఓటు ఇంకెవరో వేసేశారా? వెనక్కి తిరిగి పోవద్దు. టెండర్ ఓటు అడగండి, బ్యాలెట్ కాగితం ఇస్తారు, ఫారం 17బీలో సంతకం తీసుకుంటారు. మామూలు లెక్కింపులో దాన్ని లెక్కించరు, కానీ ఎన్నికల పిటిషన్‌లో అది రాతపూర్వక సాక్ష్యం. పిటిషన్‌కు గడువు ఫలితం నుంచి 45 రోజులు, హైకోర్టులో.

కొర్లగుంట_కుర్రోడు:
ఇదంతా సరే సార్. కానీ ఫారాలు, సీళ్లు సరిగ్గా ఉన్నంత మాత్రాన మనుషులు నరుక్కోకుండా ఉంటారా? 2024 మే 14న జరిగింది ఫారం తప్పు వల్ల కాదు గదా.

లాపాయింట్_పుత్తూరు:
కాదు. నా అభిప్రాయం వేరు, ఒప్పుకోకపోయినా పర్లేదు. ఇక్కడ తీవ్రత ఓడిపోతే పోయేదాని ధర మీద ఆధారపడి ఉంది. 2019లో తెలుగుదేశానికి 39 శాతం పైచిలుకు ఓట్లు, సీట్లు 23. 2024లో వైఎస్సార్ కాంగ్రెస్‌కు 39 శాతం పైచిలుకు ఓట్లు, సీట్లు 11. ఓట్ల వాటా దాదాపు అదే, సభలో మాత్రం ఉనికే లేనట్టు. పదో వంతు, అంటే 18 సీట్లు లేవని ప్రతిపక్ష నాయకుడి హోదా మీదే తగాదా. ఐదుగురు ఓటేస్తే, ఓడిన ఇద్దరి గొంతు సభలో వినిపించకపోతే అది వీధిలోకి వస్తుంది. దానికి తోడు కింద స్థాయిలో కాంట్రాక్టు బిల్లులు, రేషన్ డిపో, పొలం పట్టా, పాత కేసు అన్నీ గెలిచినవాడి చేతిలోకి పోతాయన్న భయం. పింఛను ఎవరు చేతికిస్తారన్నది కూడా ఎన్నికల అంశమైంది, 2024 మార్చి చివర్లో వాలంటీర్లు పంచకూడదని ఎన్నికల సంఘం ఆపాల్సి వచ్చింది. హక్కుగా రావాల్సింది దయగా వస్తున్నంత కాలం ఎన్నిక చావు బతుకుల సమస్యే అవుతుంది. 2023 ఆగస్టు 4న అంగళ్లు, పుంగనూరులో రాళ్లు రువ్వుకున్న వాళ్లలో ఎంతమందికి సిద్ధాంతం తెలుసు?

పలమనేరు_పొలంగట్టు:
ఒప్పుకుంటా. ఒక్క మాట కలుపుతా. ఓడినవాడికి భయం ఒకవైపు, ఫలితం మీద నమ్మకం లేకపోవడం ఇంకోవైపు. "మోసం చేసి గెలిచాడు" అని నమ్మినవాడికి చెయ్యెత్తడానికి సాకు దొరికినట్టే. అందుకే మాజీపీవో గారి సున్నా చూడడం, సిరా తుడవడం గొడవలకు సంబంధం లేనివి కావు. చూసి సంతకం పెట్టిన ఏజెంటు తన పార్టీ వాళ్లకే "లేదురా, మనం ఓడిపోయాం" అని చెప్పగలడు. ఆ మాట అవతలి పార్టీ వాడు చెబితే వినరు.

సత్యవేడు_సరిహద్దు:
దీనికి చేరువలో ఉన్నదే. ప్రతి అసెంబ్లీ నియోజకవర్గంలో 5 బూత్‌ల వీవీప్యాట్ చీటీలు లెక్కపెట్టాలని 2019 ఏప్రిల్ 8న సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసు వేసినవాళ్లలో మొదటి పేరు మన చంద్రగిరి మండలం నారావారిపల్లె ఆయనదే. 2024 ఏప్రిల్ 26 తీర్పు తర్వాత, రెండు మూడు స్థానాల్లో వచ్చినవారు 7 రోజుల్లో డబ్బు కట్టి, అసెంబ్లీ సెగ్మెంటుకు 5 శాతం యంత్రాలను తనిఖీ చేయించుకోవచ్చు. ఓడినవాడి అనుమానానికి దారి చట్టంలోనే ఉంది, రోడ్డు ఎక్కాల్సిన పని లేదు.

స్వర్ణముఖి_గట్టు:
అయితే మన చేతిలో ఉన్నది ఇదీ. ఈ నెల్లో బూత్ జాబితా, వారానికోసారి ఫారం 10. నామినేషన్లప్పుడు పలమనేరు అన్న చెప్పిన ఉపసంహరణ కాగితం. బాలాజీ కాలనీ, లీలామహల్ వైపు జాబితాలు చదవడానికి ఇద్దరు ముందుకొచ్చారు. చిత్తూరులో గ్రీమ్స్‌పేట, మిట్టూరుకు మనుషులు కావాలి. వేర్వేరు పార్టీల వాళ్లు జంటగా కూర్చుంటే మేలు, ఒకరు దాచింది ఇంకొకరు పట్టుకుంటారు.

కొర్లగుంట_కుర్రోడు:
కొర్లగుంట నేను చూస్తా. సార్, ఒక్క డౌట్. పోలింగ్ అయినాక 17సీ కాపీ ఇవ్వమంటే "ఫారాలు అయిపోయినాయి" అంటే ఏం చేయాలి?

మాజీపీవో_చిత్తూరు:
అయిపోవు. అభ్యర్థుల లెక్కన సరిపడా ఇస్తారు. ధ్రువీకరించిన కాపీ ప్రతి ఏజెంటుకు ఇవ్వాలి, అందినట్టు ప్రిసైడింగ్ అధికారి ఏజెంటు చేత సంతకం పెట్టించుకోవాలి, అది నియమం. నిజంగా తక్కువ పడితే తెల్ల కాగితం మీద అవే వివరాలు రాయించి సంతకం, ముద్ర వేయించుకోండి. మొత్తం పోలైన ఓట్లు అంకెల్లోనూ అక్షరాల్లోనూ ఉండాలి. యంత్రాల నంబర్లు పొద్దున రాసుకున్నవాటితో సరిపోయాయో లేదో బూత్ దాటకముందే చూడండి. ఇవ్వనంటే సెక్టార్ అధికారికి ఫోన్ చేయండి, ఆయన నంబరు పొద్దున్నే అడిగి పెట్టుకోవాలి.